క్వెట్జల్‌ని చూడాలంటే ముందు చెట్టును వెతకండి: కోస్టారికా కొండలకు వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

క్వెట్జల్ కోసం కోస్టారికా వెళ్లి, చూడకుండానే తిరిగొచ్చేవాళ్లు సాధారణంగా ఒకే పని చేస్తారు. కనిపించిన ప్రతి దారిలో నడుస్తూ, తల పైకెత్తి కొమ్మల మధ్య పక్షి కోసం వెతుకుతూ పోతారు. ఈ పక్షి అలా దొరకదు. మెరిసే ఆకుపచ్చ వీపును మనవైపు తిప్పి, తడి ఆకుల మధ్య చాలాసేపు కదలకుండా కూర్చోగలదు. దాన్ని చూడాలంటే దాని తిండి సంగతి తెలియాలి. ఏ చెట్టు కాయలు పండాయో తెలిస్తే అదే ఆ చెట్టు దగ్గరికి వస్తుంది. సరైన నెలలో, సరైన వేళకు, ఆ చెట్టుకు ఎదురుగా మీరు నిలబడేలా చేయడమే ఈ వ్యాసం పని.

1. ముందు పక్షిని గుర్తుపట్టడం నేర్చుకోండి

క్వెట్జల్ ట్రోగాన్ కుటుంబానికి చెందిన పక్షి. శాస్త్రీయ నామం ఫారోమాక్రస్ మొసిన్నో. దక్షిణ మెక్సికో నుంచి పశ్చిమ పనామా వరకు మేఘాలు తాకే కొండ అడవుల్లోనే ఉంటుంది. శరీరం పొడవు 36 నుంచి 40 సెంటీమీటర్లు. మగపక్షికి తోక పైభాగం నుంచి వేలాడే రెండు పొడవాటి ఈకలు దీనికి అదనం. అవి 65 సెంటీమీటర్ల వరకు, ఒక్కోసారి అంతకు మించి కూడా పెరుగుతాయి. మగదానికి నెత్తిన కురచ జుట్టు, పసుపు ముక్కు, ఎర్రటి పొట్ట, తోక కింద తెలుపు. ఆడదానికి పొడవాటి ఈకలు ఉండవు. ముక్కు ముదురు రంగు, రొమ్ము బూడిద రంగు, తోక దిగువన మాత్రం కొంచెం ఎరుపు, తోక అడుగున నలుపు తెలుపు చారలు. ఆడపక్షిని చూసి 'ఇది కాదులే' అని ముందుకు వెళ్లిపోకండి. ఆడది కనబడిందంటే, ముఖ్యంగా గూడు కట్టే నెలల్లో, మగది దగ్గరలోనే ఉండే అవకాశం ఎక్కువ.

ఆ ఆకుపచ్చ రంగు ఈకలోని రంగుపదార్థం వల్ల వచ్చింది కాదు. ఈక లోపలి సూక్ష్మమైన పొరల మీద కాంతి పడి తిరిగి వచ్చే తీరు వల్ల కనిపిస్తుంది. అందుకే వెలుతురు ఎదురుగా పడితే బంగారు ఛాయ, పక్క నుంచి పడితే నీలం ఛాయ, వెనక నుంచి పడితే దాదాపు నల్లగా ఉంటుంది. పుస్తకంలో చూసిన పచ్చరంగునే మనసులో పెట్టుకుని వెతికితే కళ్ల ముందున్న పక్షి కూడా తప్పిపోతుంది. రంగును కాదు, ఆకారాన్ని వెతకాలి. నిటారుగా కూర్చున్న గుండ్రటి ఒళ్లు, చిన్న ముక్కు, కిందికి వేలాడే సన్నని గీత. ఆ గీత గాలికి మిగతా ఆకులకంటే వేరుగా ఊగుతుంది.

ట్రోగాన్లు ఎలా కూర్చుంటాయో చూడటానికి మన తూర్పు కనుమలు కూడా పనికొస్తాయి. మారేడుమిల్లి వైపు అడవుల్లో మలబార్ ట్రోగాన్ ఉంటుంది. అది ఎక్కువగా పురుగులు తింటుంది కాబట్టి పండ్ల చెట్టు చిట్కా దానికి పనిచేయదు. కానీ కదలకుండా కూర్చోవడం, వీపు మనవైపు తిప్పడం, తల మాత్రం నెమ్మదిగా తిప్పుతూ చుట్టూ చూడటం రెండింటిలోనూ ఒకటే. అక్కడ ఒక ఉదయం గడిపినవాళ్లకు కోస్టారికాలో కన్ను త్వరగా పట్టుకుంటుంది.

2. ఎక్కడికి వెళ్లాలో తేల్చుకోండి

మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా సాన్ హెరార్దో దె దోటా. రాజధాని సాన్ హోసే నుంచి దక్షిణంగా, తలమాంకా పర్వతాల్లో, సవేగ్రే నది లోయలో ఉన్న చిన్న ఊరు ఇది. ఎత్తు సుమారు 2,200 మీటర్లు. 1950లలో ఇక్కడికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు పాడి పశువులు, ఆపిల్ తోటలు, ట్రౌట్ చేపలతో బతికాయి. తర్వాత పక్షుల్ని చూడటానికి వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. పచ్చిక బయళ్ల మధ్య అక్కడక్కడా పెద్ద అడవి చెట్లను ఉంచేశారు. మనకు కలిసొచ్చేది అదే. దట్టమైన అడవిలో కొమ్మల వెనక దాక్కునే పక్షి ఇక్కడ విడిగా నిలబడ్డ చెట్టు మీద కనిపిస్తుంది. పైన హైవే పక్కనే లోస్ కెట్సాలెస్ జాతీయ ఉద్యానవనం కూడా ఉంది. స్థానికులు ఈ పక్షిని కెట్సాల్ అంటారు. అడిగేటప్పుడు అలాగే అడగండి.

రెండోది మొంటెవెర్దే. 1951లో అమెరికాలోని అలబామా నుంచి వచ్చిన క్వేకర్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. నీటి వనరుల కోసం కొండపై అడవిని కొట్టకుండా వదిలేశాయి. 1972లో అక్కడ రక్షిత అడవి ఏర్పడింది. అడవి అందం చూస్తే మొంటెవెర్దేదే పైచేయి అంటాను. కానీ చెట్లు దట్టం, పొగమంచు ఎక్కువ, జనం ఎక్కువ. అక్కడికే వెళ్తే పెద్ద రిజర్వ్‌తో పాటు కూరి కాంచా అనే చిన్న రక్షిత అడవిలో కూడా ఒక ఉదయం పెట్టుకోండి. అక్కడ తెరిపి స్థలాలు ఉన్నాయి కాబట్టి చూపు ఆనుతుంది.

పనామాలో బొకేతె దగ్గర బారూ అగ్నిపర్వతం వాలుల్లోనూ, గ్వాటెమాలాలో బాహా వెరాపాస్ అడవుల్లోనూ క్వెట్జల్ ఉంది. గ్వాటెమాలాకు అది జాతీయ పక్షి. 1925 నుంచి ఆ దేశపు డబ్బు పేరు కూడా క్వెట్జలే. అక్కడి మగపక్షుల తోక ఈకలు ఇంకా పొడవు. అయినా సులువుగా, తక్కువ రోజుల్లో చూడాలంటే దోటా లోయనే ఎంచుకోండి.

3. నెల చూసుకోండి

ఫిబ్రవరి చివరి నుంచి మే వరకు గూడు కట్టే కాలం. అందులోనూ మార్చి, ఏప్రిల్ మంచివి. మగపక్షులు కూస్తాయి, ఆకాశంలోకి లేచి ఎగురుతాయి, ఈకలు పూర్తి పొడవుతో ఉంటాయి. వాన తక్కువ. గూడు కాలం అయిపోయాక ఆ పొడవాటి ఈకలు రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. ఆగస్టులో వెళ్లి తోక లేని మగపక్షిని చూసి నిరాశపడేకంటే ముందే తెలుసుకోవడం మేలు.

ఇక వలస. ఈ పక్షి దేశాలు దాటి పోదు, కొండ మీదే పైకీ కిందికీ తిరుగుతుంది. మొంటెవెర్దేలో కొన్ని పక్షులకు చిన్న రేడియో పరికరాలు కట్టి పరిశోధకులు వాటి దారిని గుర్తించారు. గూడు కాలం ముగిశాక అవి పసిఫిక్ వైపు వాలుల్లో కిందికి దిగుతాయి, ఆ తర్వాత కొండ దాటి అట్లాంటిక్ వైపు వెళ్తాయి, కొత్త ఏడాది మొదట్లో మళ్లీ పైకి చేరతాయి. కారణం తిండే. ఒక ఎత్తులో పండ్లు అయిపోతే, మరో ఎత్తులో పండేచోటికి వెళ్తాయి. అందుకే అక్టోబరులో మొంటెవెర్దే రిజర్వ్‌లో ఎంత తిరిగినా ఫలితం ఉండకపోవచ్చు. దోటాలో మాత్రం ఏడాది పొడవునా ఏదో ఒకచోట కనబడే అవకాశం ఉంది. ఏ ఎత్తులో అన్నదే నెలను బట్టి మారుతుంది.

4. కాగితాలు, దారి

అమెరికాలో ఉండే మనవాళ్లకు కోస్టారికా దగ్గర. భారతీయ పాస్‌పోర్ట్ ఉండి, అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే చాలా సందర్భాల్లో కోస్టారికా వీసా విడిగా అక్కర్లేదు. ఏ రకం వీసా, ఎన్ని నెలలు మిగిలి ఉండాలి అన్నది టికెట్ కొనే ముందు వాళ్ల కాన్సులేట్ పేజీలో చూసుకోండి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. పాస్‌పోర్ట్‌లో స్టాంపు గడువు తీరిపోయినా కెనడా, మెక్సికోలకు కొద్దిరోజులు వెళ్లి తిరిగి రావడానికి ఇచ్చే వెసులుబాటు కోస్టారికాకు వర్తించదు. స్టాంపు లేకుండా వెళ్తే తిరిగి రావడం పెద్ద టెన్షన్ అవుతుంది.

సాన్ హోసే నుంచి పాన్ అమెరికన్ హైవే మీద దక్షిణంగా వెళ్లి, 80వ కిలోమీటరు రాయి దగ్గర కుడివైపు దిగాలి. ఆ దిగుడు సుమారు 9 కిలోమీటర్లు, ఇరుకు, బాగా ఏటవాలు. బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చోకుండా తక్కువ గేరులో దిగండి. మొత్తం ప్రయాణం రెండు గంటలు దాటుతుంది. మధ్యాహ్నానికే సాన్ హోసేలో బయల్దేరేలా చూసుకోండి. సెర్రో దె లా ముయెర్తె కొండ మీద హైవే చాలా ఎత్తుకు ఎక్కుతుంది, సాయంత్రం పొగమంచు కమ్మితే ముందు వాహనం కనబడదు. ఆ ఎత్తులో కొందరికి తలనొప్పి, ఆయాసం వస్తాయి. లోయలోకి దిగాక తగ్గిపోతుంది.

కారు లేనివాళ్లు సాన్ ఇసిద్రో వెళ్లే బస్సెక్కి, 80వ కిలోమీటరు దగ్గర దింపమని డ్రైవర్‌కు ముందే చెప్పాలి. అక్కడి నుంచి లోయలోకి బస్సు ఉండదు. మీరు దిగే లాడ్జ్ వాళ్లతో మాట్లాడి బండి పంపమనండి.

శాకాహారులకు భోజనం ఇబ్బంది కాదు. పొద్దున గాయో పింటో అని అన్నం, నల్ల చిక్కుడు గింజలు కలిపి వేయించి పెడతారు. మధ్యాహ్నం కసాదో అనే పళ్లెంలో అన్నం, చిక్కుడు గింజలు, అరటిపండు వేపుడు, సలాడ్ ఉంటాయి. 'సిన్ కార్నె, సిన్ పెస్కాదో' అంటే మాంసం, చేప వద్దని.

5. ఏం పట్టుకెళ్లాలి

ఉష్ణమండలం కదా అని కాటన్ చొక్కాలతో వెళ్తే తెల్లవారుజామున వణికిపోతారు. లోయలో ఉదయం 10 డిగ్రీల లోపు మామూలే, పైన ఇంకా చల్లన. స్వెటర్, దానిమీద వాన ఆపే జాకెట్, చెవులు మూసే టోపీ, తడిసినా జారని బూట్లు. రంగులు మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ అయితే మంచిది. తెల్ల జాకెట్ వద్దు.

బైనాక్యులర్ 8x42 తీసుకోండి, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు ఉండేది. 10x కావాలని చాలామంది అనుకుంటారు కానీ తెల్లవారే మసక వెలుతురులో 8x42 చూపించే బొమ్మ కాంతివంతంగా, చేతికి కదలకుండా ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక్కో బైనాక్యులర్ ఉండాలి. పక్షి కనబడే నిమిషంలో చేతులు మార్చుకుంటూ కూర్చుంటే ఎవరో ఒకరికి దక్కదు.

6. అసలు సంగతి: చెట్టు

క్వెట్జల్ తినే పండ్లలో పెద్ద వాటా అడవి అవకాడోలది. అక్కడివాళ్లు ఆగ్వాకతియో అంటారు, అంటే చిన్న అవకాడో. ఇది ఒకే చెట్టు పేరు కాదు, లారేసీ కుటుంబంలోని ఎన్నో జాతులకు కలిపి పెట్టిన పేరు. మన దాల్చిన చెక్క, బిర్యానీ ఆకు, కర్పూరం చెట్టు కూడా ఈ కుటుంబానివే. ఈ చుట్టరికం అడవిలో నేరుగా పనికొస్తుంది. కింద రాలిన ఆకు తీసి నలిపి వాసన చూడండి. ఘాటైన మసాలా వాసన వస్తే మీరు సరైన చెట్టు కిందే ఉండొచ్చు. ఆకు మందంగా, అంచులు రంపంలా కాకుండా నున్నగా ఉండాలి. కాయ పెద్ద రేగిపండంత ఉంటుంది, చాలా జాతుల్లో ఎర్రటి చిన్న గిన్నెలో కూర్చున్నట్టు తొడిమకు అంటి ఉంటుంది. పండితే నల్లబడుతుంది.

తర్వాత నేల చూడండి. క్వెట్జల్ పండును నోట కరుచుకుని మొత్తంగా మింగేస్తుంది. లోపల గుజ్జు ఒలిచాక పెద్ద గింజను నోటి ద్వారానే బయటికి వదిలేస్తుంది. అందుకే అది కూర్చునే కొమ్మ కింద గుజ్జు లేని నున్నటి గింజలు పడి ఉంటాయి. గుజ్జుతో రాలిన కాయలు మాత్రమే ఉంటే గాలికి రాలినవి కావచ్చు. శుభ్రమైన గింజలుంటే పక్షులు వచ్చి వెళ్తున్నాయని అర్థం. అవి క్వెట్జల్‌వే అని చెప్పలేం. నల్ల గ్వాన్ కోడి, చిన్న టూకాన్, మొంటెవెర్దేలో అయితే బెల్‌బర్డ్ కూడా ఇవే పండ్లు తింటాయి. అయినా ఆ చెట్టు దగ్గర ఆగడం వృథా కాదు.

క్వెట్జల్‌కీ ఈ చెట్లకీ ఉన్న బంధం రెండువైపులది. అంత పెద్ద గింజను మింగి దూరం తీసుకెళ్లగల పక్షులు ఆ అడవుల్లో ఎక్కువ లేవు. పక్షి తగ్గితే చెట్టు పిల్లలు తల్లి నీడలోనే మొలిచి ఉండిపోతాయి. చెట్టు పోతే పక్షి ఆ కొండ వదిలిపోతుంది. దీన్ని దాదాపు ముప్పు అంచున ఉన్న జాతిగా లెక్కిస్తున్నారు. కారణం వేట కంటే ఎక్కువగా ఈ ఎత్తులో అడవి ముక్కలైపోవడం.

చెట్టు తెలుసుకోవడానికి దగ్గరి దారి ఒకటి ఉంది. చేరిన సాయంత్రమే స్థానికులను అడగండి. 'ఏ ఆగ్వాకతియో పండింది? ఈ వారం పక్షి ఎక్కడ తింటోంది?' అనే రెండు ప్రశ్నలు చాలు. లోయలో లాడ్జ్ వంటమనిషికి కూడా జవాబు తెలిసి ఉంటుంది. ఆ చెట్టు చాలాసార్లు ఎవరో రైతు పొలంలో ఉంటుంది, చూడటానికి రుసుము తీసుకుంటారు. బేరం ఆడకుండా ఇవ్వండి. ఆ చెట్టును కొట్టకుండా ఉంచడానికి ఆ రైతుకు అదీ ఒక కారణం.

మొదటి ఉదయానికి స్థానిక గైడ్‌ను మాట్లాడుకోమనే నేను చెప్తాను. వాళ్ల దగ్గర టెలిస్కోప్ ఉంటుంది, మీ ఫోన్ దానికి ఆనించి ఫోటో కూడా తీసిస్తారు. రెండో ఉదయం మీరే వెళ్లండి. సొంతంగా కనిపెట్టిన ఆనందం వేరు.

7. ఆ ఉదయం ఏం చేయాలి

సూర్యోదయం ఐదున్నర ప్రాంతంలో. అప్పటికే చెట్టు ఎదురుగా ఉండాలి. లాడ్జ్ టిఫిన్ కోసం ఆగకండి, తిరిగొచ్చాక తినొచ్చు.

చెట్టు కిందకు వెళ్లకండి. కనీసం ముప్పై మీటర్ల దూరంలో, సూర్యుడు మీ వీపు వైపు ఉండేలా నిలబడండి. పండ్లున్న కొమ్మల్నే కాదు, ఆ చెట్టు చుట్టూ ఉన్న చెట్లలో మధ్య ఎత్తున అడ్డంగా పోయే ఖాళీ కొమ్మలను ఒక్కొక్కటిగా చూడండి. పక్షి ఎక్కువసేపు ఉండేది అక్కడే. అక్కడి నుంచి ఒక్కసారిగా ఎగిరి, గాల్లోనే రెక్కలాడిస్తూ పండు తెంపుకుని, మళ్లీ కొమ్మకు వస్తుంది. దాని కాళ్లు బలహీనం, కొమ్మ మీద నడుచుకుంటూ పండు దగ్గరికి పోలేదు. అందుకే పండ్ల దగ్గర కదలిక రెండు సెకన్లలో అయిపోతుంది. అది ఎటు వెళ్లి వాలిందో చూసుకుంటే తర్వాత తీరిగ్గా చూడొచ్చు. తిన్నాక అరగక ముందు చాలాసేపు కదలదు.

చెవులు కూడా పెట్టండి. మగపక్షి కూత లోతుగా, మెత్తగా, రెండు స్వరాలు జతగా వినిపిస్తుంది. అంత పెద్ద గొంతు కాదు, పక్కవాళ్లు మాట్లాడుతుంటే వినబడదు. ఎగిరేటప్పుడు మాత్రం గరుకుగా 'వాక్, వాక్' అంటుంది. పిల్లలతో వెళ్లేవాళ్లు ముందురాత్రే ఆ కూత రికార్డింగ్ గదిలో వినిపించండి. ఎవరు ముందు వింటారో చూద్దాం అంటే వాళ్లే నిశ్శబ్దంగా ఉంటారు.

ఆ రికార్డింగ్‌ను అడవిలో మాత్రం వినిపించకండి. మగపక్షి మరో మగది తన చోటికి వచ్చిందనుకుని తిండి, గూడు వదిలి వెతుక్కుంటూ తిరుగుతుంది. రోజూ వచ్చే జనమంతా అదే పని చేస్తే దానికి పిల్లల్ని పెంచే తీరిక ఉండదు.

8. గూడు కనబడితే

ఇవి పుచ్చిన, మెత్తబడిన మాను మీద రంధ్రం తొలుచుకుంటాయి. ముక్కుకు గట్టి చెక్కను తొలిచే బలం లేదు. లేత నీలం రంగు గుడ్లు ఒకటో రెండో పెడతాయి, ఆడమగ రెండూ పొదుగుతాయి. పగలు మగది పొదిగేటప్పుడు పొడవాటి ఈకలు రంధ్రం బయట వేలాడటం కనిపిస్తుంది. పిల్లలకు మొదట్లో పండ్లకంటే పురుగులు, చిన్న బల్లులు ఎక్కువగా తెచ్చి పెడతాయి.

గైడ్ గీసిన గీత దాటకండి. పక్షి నోట్లో ఆహారంతో కొమ్మ మీదే కూర్చుని గూటిలోకి వెళ్లకుండా అటూ ఇటూ చూస్తోందంటే, మనం దగ్గరగా ఉన్నామని అర్థం. గైడ్ చెప్పాలని ఎదురుచూడకుండా మీరే వెనక్కి జరగండి. గుడ్లు, పిల్లల కోసం చిన్న టూకాన్లు కాపు కాస్తుంటాయి. తల్లిదండ్రులు దూరమైన కొన్ని నిమిషాలు చాలు వాటికి. గూడున్న చోటు వివరాలు సోషల్ మీడియాలో పెట్టకండి.

9. ఫోటో

400 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది. వెలుతురు తక్కువ కాబట్టి ఐఎస్ఓ 1600 నుంచి 3200 దాకా పెంచడానికి భయపడకండి. వెనక తెల్లని పొగమంచు ఉంటే కెమెరా పక్షిని నల్లగా చూపిస్తుంది, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచండి. మగపక్షికి ఫ్రేమ్ నిలువుగా పట్టుకోండి, లేకపోతే తోక తెగిపోతుంది. ఫ్లాష్ వద్దు. అన్నిటికంటే ముందు మొదటి ఐదు నిమిషాలు కెమెరా పక్కన పెట్టి బైనాక్యులర్‌తో చూడండి. తల తిప్పినప్పుడు ఆకుపచ్చ బంగారమై, మళ్లీ నీలమయ్యే మార్పు ఏ ఫోటోలోనూ పూర్తిగా రాదు.

నేల మీద ఈక దొరికితే అక్కడే వదిలేయండి, ఎవరైనా అమ్మితే కొనకండి. ఈ జాతి సైటిస్ అనే వన్యప్రాణి వ్యాపార ఒప్పందంలో, అంతర్జాతీయ వ్యాపార నిషేధం ఉన్న మొదటి జాబితాలో ఉంది, విమానాశ్రయంలో పట్టుబడితే కేసు అవుతుంది. ఈ ఈకల మోజు పాతదే. ఒకప్పుడు ఆ ప్రాంతాలను ఏలిన మాయా, అజ్టెక్ రాజుల కిరీటాల్లో ఇవే ఉండేవి. అజ్టెక్ రాజు మోక్తెజుమాదని చెప్పుకునే ఈకల కిరీటం ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. పాత కథనాల ప్రకారం అప్పట్లో పక్షిని పట్టి, ఈకలు తీసుకుని, ప్రాణంతో వదిలేసేవారు.

10. కనబడకపోతే

తొమ్మిదింటి దాకా రాకపోతే ఆ చెట్టు వదిలి టిఫిన్ చేయండి. సాయంత్రం మూడున్నర నుంచి ఐదు మధ్య మళ్లీ అక్కడికే రండి, ఆ వేళ ఇంకోసారి తింటాయి. మర్నాడు ఎత్తు మార్చండి. లోయలో పండ్లు అయిపోయి ఉంటే, పైన హైవే మీద 70వ కిలోమీటరు ప్రాంతంలో రైతుల పొలాల్లో పండి ఉండొచ్చు. అక్కడి లాడ్జ్‌కి రాత్రే ఫోన్ చేసి అడగండి, పొద్దున నాలుగున్నరకు బయల్దేరితే వెలుతురు వచ్చేసరికి చేరతారు. అందుకే ఈ లోయకు ఒక్క రాత్రి కాకుండా రెండు రాత్రులు కేటాయించమని చెప్తాను. ఒక ఉదయం వాన మింగేసినా రెండోది చేతిలో ఉంటుంది.